బుడగల నివారణ సంఘమూ, ఒక కురిడీ కాయా

కరిగిన కంచును కొయ్యసుత్తితో తట్టి తట్టి, ఇరవై రెండేళ్ళుగా దానికి దెబ్బల అలవాటు చేసిన నేరానికి నూకయ్య అనే కార్మికుడి మీద విచారణ జరుగుతుందని పంతొమ్మిది వందల అరవై నాలుగు ఆగస్టు నెలలో ఒక నోటీసు వెలువడింది. నోటీసు ఇంగ్లీషులో ఉంది, హిందీలో ఉంది, బెంగాలీలో ఉంది. నూకయ్యకు తెలుగు ఒక్కటే వచ్చు, అదీ అక్షరాలు గుమ్మడికాయలంత ఉంటేనే. అంచేత ఆ నోటీసు ఫౌండ్రీలో అందరికీ అర్థమైంది, అది ఎవరి గురించో అతనికి తప్ప.

ఖరగ్‌పూర్‌లో పూరీ గేటు దాటితే ఉండేదా ఫౌండ్రీ. ఎవరిది, ఎవరి కింద నడిచేది అని అడగకండి. పరువుగా బతికిన చోటి పేరు బజారున పెట్టడం మర్యాద కాదు. రైలు పెట్టెల ఇరుసులు ఆనుకుని తిరిగే కంచు బేరింగులు అక్కడ పోతపోసేవారని తెలిస్తే చాలు. ఆ కంచులో గాలిబుడగ మిగిలిపోయిందా, బేరింగు లోపల బొక్క పడుతుంది. బొక్క పడిన బేరింగు నాలుగు స్టేషన్లు తిరిగేసరికి కాగుతుంది, పొగలు కక్కుతుంది, గూడ్సు బండి పొలాల మధ్య ఆగిపోతుంది. డ్రైవరు దిగి తిడతాడు. ఆ తిట్లు ఏ భాషలో మొదలైనా చివరికి తెలుగువాళ్ళకే తగిలేవి, ఎందుకంటే పోతపోసేది వాళ్ళే.

నూకయ్య పోసిన బేరింగుకు ఏనాడూ తిట్టు తగల్లేదు. దాని వెనక సంగతి ఏమిటంటే, అతని భార్య చిలకమ్మ.

చిలకమ్మ విజయనగరం పక్క పల్లె నుంచి కాపురానికి వచ్చినప్పుడు ఇత్తడి బిందె, గోనెసంచీ, ఆ సంచీలో పదకొండు చెక్క అచ్చులు తెచ్చుకుంది. పంచదార చిలకలు పోసే అచ్చులు. సుభాష్‌పల్లి నుంచి గోల్‌బజార్ దాకా తెలుగువారి ఇంట పెళ్ళి జరిగితే చిలకమ్మ చిలకలు సారెలో ఉండవలసిందే. కాగిన పాకం అచ్చులో పోసి, చింతకర్రతో అచ్చు పక్కన టకటకా తట్టేది. లెక్కగా నలభై ఒక్కసారి. పాకంలోంచి బుడగలు పైకి తేలి చిట్లిపోయేవి. తట్టకపోతే చిలక ముక్కు దగ్గర గాలి ఉండిపోయి, పెళ్ళివారి చేతిలోకి వెళ్ళేసరికి ముక్కు ఊడిపోతుంది. ముక్కు లేని చిలకను వియ్యపురాలి చేతిలో పెట్టి బాగుపడిన ఇల్లు ఇంతవరకు లేదు.

పెళ్ళయిన రెండో నెల, ఎండు రొయ్యలూ వంకాయా వండిన రోజున, నూకయ్య అన్నం ముందు కూర్చుని ఆ టకటక వింటూ అడిగాడు.

"ఎందుకే అలగ కొడతావు? అదేం పాపం సేసినాది?"

"కొట్టడం కాదు మావా, తట్టడం. లోన గాలి ఉండిపోనాదంటే ఇరిగిపోద్ది. తడితే తనంతట తనే పైకొచ్చీసి పోద్ది. నీ కంచుక్కూడా అలగే సెయ్యి, సూడు."

మర్నాడు నూకయ్య అచ్చుపెట్టెలో కంచు పోసి, పక్కన కొయ్యసుత్తితో నలభై ఒక్కసారి తట్టాడు. ఆ రోజు మొదలు అతని బేరింగులు అద్దాల్లా వచ్చాయి. ఇరవై రెండేళ్ళు వచ్చాయి. ఇందులో వింత ఏమీ లేకపోవడం వల్ల ఎవరూ పట్టించుకోలేదు.

అటువంటి చోటికి లాహిరి సాహెబు వచ్చాడు. ఆయన ఎనిమిది నెలలు విదేశంలో ఉండి వచ్చిన ఇంజనీరు. మంచివాడు, చదువుకున్నవాడు, రోజుకు రెండుసార్లు చొక్కా మార్చేవాడు. మొదటి రోజే షాపులోకి వచ్చి టకటక విని నిలబడిపోయాడు.

"మనది విజ్ఞాన యుగం. లోహాన్ని దండించడం మధ్యయుగాల ఆచారం. లోహం మాట వినేది దెబ్బలకు కాదు, సిద్ధాంతానికి" అని ఆయన ఉపన్యసించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నూకయ్య సుత్తి కింద పెట్టి మరీ కొట్టాడు.

సాయంత్రానికల్లా ఉత్తర్వు అంటించారు. ద్రవరూపంలో ఉన్న లోహాన్ని గాని, అది ఉన్న పాత్రను గాని, అచ్చుపెట్టెను గాని కొయ్యసుత్తి, ఇనుపసుత్తి, సమ్మెట, చువ్వ, గూటం, గరిటె, రాయి, పిడికిలి మరియు తత్సమానమైన పరికరములతో తాకరాదు. మొత్తం పదిహేడు వస్తువుల జాబితా. దాన్ని టైపు చేసింది విల్‌ఫ్రెడ్. అతను చిలకమ్మ పక్క క్వార్టరులో ఉండే సూసన్నకు భర్త, ఆఫీసులో గుమస్తా. తెలుగు క్రైస్తవుల్లో అంత వేగంగా టైపు కొట్టేవాడు ఖరగ్‌పూర్‌లో మరొకడు లేడని సూసన్న ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక గుర్తు చేసేది.

ఉత్తర్వు అమలయ్యింది. వారం తిరగకుండా బేరింగులు అట్టులా బొక్కలు పడ్డాయి. మూడు గూడ్సు బళ్ళు పొలాల్లో ఆగాయి. ఒక బండి ఆగిన చోట కాకరకాయలు చవగ్గా దొరికాయని గార్డు సంచీ నింపుకుని వచ్చాడు, అది వేరే సంగతి.

ఇంత పెద్ద సమస్యకు తగినంత పెద్ద సంఘం వేశారు. దాని పేరు బుడగల నివారణ సంఘం. సభ్యులు ఏడుగురు. పక్షపాతం ఉండకూడదు కనుక, జీవితంలో ఒక్కసారైనా కంచు పోసినవాణ్ణి అందులోకి తీసుకోలేదు. మొదటి సమావేశంలో బుడగ అంటే ఏమిటో నిర్వచించారు. చుట్టూ ద్రవం ఉండి లోపల గాలి ఉంటే బుడగ, చుట్టూ గాలి ఉండి లోపల ద్రవం ఉంటే చుక్క. దీనికి మూడు రోజులు పట్టింది. ఇద్దరు సభ్యులు చుక్క విషయంలో విభేదించారు.

తరువాత ప్రయోగాలు. కంచు వేడిగా ఉంటుంది కనుక గోళీ సోడాతో మొదలుపెట్టారు. గోల్‌బజార్‌లో సోడాలు అమ్మే దేముడు రోజుకు ఆరు డజన్లు రిక్షాలో పంపేవాడు. కలకత్తా నుంచి తెప్పించిన చిన్న బూరాతో సోడాకు ఎదురుగా ఊదేవారు. బుడగలు పోయిన సోడాలను విజయాలుగా లెక్కించి కార్మికులకు పంచేవారు. బుడగలు పోని సోడాలను వైఫల్యాలుగా లెక్కించి సభ్యులే తాగేవారు. సోడాలో గాలి పోవడానికి గోళీ నొక్కి కాసేపు వదిలేస్తే చాలునని ఒక సభ్యుడు అన్నాడు. అది అల్పసంఖ్యాకుల అభిప్రాయంగా నమోదయింది.

ఆఖరికి ఎనభై నాలుగు పేజీల నివేదిక వచ్చింది. దాన్ని టైపు చేసిన మర్నాడు విల్‌ఫ్రెడ్ పెరట్లో నిలబడి, చిలకమ్మకూ సూసన్నకూ అందులోని సారం తెలుగులో చెప్పాడు.

"ద్రవంలోకి ఒత్తిడి అలలు పంపాలట చిలకమ్మక్కా. ఒక అల వెళ్ళి బుడగను నొక్కుద్దట. అది పోగానే బుడగ ఉబ్బుద్దట. నొక్కి వదిలి, నొక్కి వదిలి, చిన్న బుడగలన్నీ ఒకదానికొకటి అతుక్కుని పెద్దవై పైకి తేలి చిట్లిపోతాయట. ఎంత గొప్ప చదువో చూడండి!"

చిలకమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆగింది.

"అదేటి తమ్ముడా, అది నా సిలకల సంగతే కదేటి! మీ బావ సుత్తితోటి సేసిందీ అదే కదా!"

"అదే కాదక్కా. అటువంటి అలలు మన దేశంలో ఇంకా తయారవడం లేదని ఎనభై ఒకటో పేజీలో రాశారు. బయట నుంచి యంత్రం వస్తోంది."

యంత్రం మూడు పెట్టెల్లో వచ్చింది. దానితో వచ్చిన పుస్తకం ఏ భాషలో ఉందో కనుక్కోవడానికి ఒక ఉపసంఘం వేశారు. ఈలోగా పెట్టెల మీద ముద్రించిన బాణం గుర్తులను బట్టి ఏది పైకి ఉండాలో తేల్చుకుని, మూడు పెట్టెల్లోని సామానునూ ఒకదాని మీద ఒకటి బిగించారు. పైన పెద్ద బూరా అమిరింది. దానికి ఒత్తిడి తరంగ జనక యంత్రమని పేరు. మొదటిసారి మీట నొక్కగానే ఫౌండ్రీ కప్పు మీది పావురాలు లేచి సుభాష్‌పల్లి వైపు వెళ్ళి, మళ్ళీ తిరిగి రాలేదు. ఆఫీసులో ఏడు కప్పుల టీ ఒలికింది. అచ్చులోని కంచు పూరీలా పొంగింది. బేరింగులో ఇంతకు ముందు లేనన్ని బొక్కలు పడ్డాయి.

యంత్రంలో లోపం ఉండడానికి వీల్లేదు, అది విదేశీయం. సిద్ధాంతంలో లోపం ఉండడానికి వీల్లేదు, అది ఎనభై నాలుగు పేజీలు. ఇక మిగిలింది కంచు. కంచు చెడిపోవడానికి కారణమెవరు? ఇరవై రెండేళ్ళు దాన్ని తట్టినవాడు. దెబ్బలకు అలవాటు పడ్డ లోహం మర్యాదైన తరంగాలకు లొంగడం లేదని లాహిరి సాహెబు తేల్చాడు. ఆ విధంగా, మొదట చెప్పిన నోటీసు వచ్చింది. నూకయ్యను పనిలోంచి ఆపి ఇంటికి పంపారు. విశ్వకర్మ పూజనాడు కలకత్తా నుంచి పెద్ద సాహెబు వచ్చి యంత్రాన్ని ప్రారంభిస్తాడు. ఆనాడు బేరింగు బాగా వస్తే కంచు బాగుపడినట్టు, కనుక నూకయ్య నేరం మాఫీ. బేరింగు చెడితే నూకయ్య ఉద్యోగమూ, దానితోపాటు రెండు గదుల క్వార్టరూ పోతాయి.

ఆ మాట విన్నాక నూకయ్య రెండు రోజులు అరుగు మీద కూర్చుని వేళ్ళతో మోకాలు తట్టుకుంటూ ఉండిపోయాడు. నలభై ఒకటి కాగానే ఆపి, మళ్ళీ మొదలెట్టేవాడు. చిలకమ్మ చూసింది, చూసింది, మూడో రోజు పొద్దున విల్‌ఫ్రెడ్‌ను పిలిచింది.

"తమ్ముడా, ఆ పదిహేడు సామాన్లూ ఓ పాలి మల్లీ సదువు."

విల్‌ఫ్రెడ్ చదివాడు. గూటం దాకా వచ్చి, గరిటె దాటి, పిడికిలి దగ్గర ఆగి దగ్గాడు.

"కొబ్బరికాయ ఉందేటి అందులో?"

"కొబ్బరికాయా? లేదక్కా. కాని 'తత్సమానమైన పరికరములు' అని ఉంది కదా."

"కొబ్బరికాయ పరికరమేటి?"

విల్‌ఫ్రెడ్ జాబితాను తిరగేసి చూశాడు. గుమస్తాగిరిలో ఇటువంటి ప్రశ్న అతనికి ఎదురు కాలేదు. సూసన్న అందుకుంది. "మా చర్చిలో మేం కొట్టం, మీ గుళ్ళో మీరు కొడతారు. పరికరమైతే మేమూ కొడుదుం కదా. అది పూజ సామాను వొదినా. పూజ సామానుకి నోటీసు ఏసే మొగోడు ఈ బెంగాల్లో పుట్టలేదు!"

అరుగు మీద నూకయ్య మోకాలు తట్టడం ఆపాడు. "మతి పోనాదేటే నీకు? నీళ్ళకాయ పగిలి, మరిగే కంచులో సుక్క నీరు పడినాదంటే షాపు షాపంతా లేసిపోద్ది. నీతో పాటు ఆ పెద్ద సాహెబూ పోతాడు."

"ఆ సాహెబు పోతే మంచిదే కదేటి" అంది సూసన్న.

చిలకమ్మ లోపలికి వెళ్ళి అటక మీంచి ఒక కాయ దింపుకొచ్చి భర్త చెవి దగ్గర ఊపింది. లోపల ఎండిన కొబ్బరి గుండు గలగలలాడింది.

"కురిడీ కాయ మావా. సుక్క నీరు లేదు. ఇన్నేళ్ళు నీ ఎనకమాల కాపురం సేసి ఆ మాత్రం తెలీదా నాకు?"

విశ్వకర్మ పూజనాడు కార్మికుల కుటుంబాలను ఫౌండ్రీ లోపలికి రానిస్తారు. ఏడాదికి ఆ ఒక్క రోజే. ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టి, మొగుళ్ళు ఏడాదంతా ఏ మసిలో పొర్లుతారో చూసి, ముక్కు మూసుకుని వెళ్ళిపోతారు. నూకయ్య ఆ రోజు కార్మికుడిగా కాదు, చిలకమ్మ కుటుంబ సభ్యుడిగా లోపలికి వచ్చి తాడు ఇవతల నిలబడ్డాడు. మేళగాళ్ళు ఢాక్ అనే పెద్ద డోళ్ళు వాయిస్తున్నారు, బెంగాలీ అమ్మలు శంఖాలు ఊదుతున్నారు. యంత్రం మెడలో బంతిపూల దండ, బూరాకు గంధం బొట్టు. పెద్ద సాహెబు కుర్చీలో కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు. లాహిరి సాహెబు మూడో చొక్కాలో ఉన్నాడు.

"ఈ శుభదినాన లోహం స్వాతంత్ర్యం పొందింది. ఇక దాని మీద ఒక్క దెబ్బ పడదు" అని ఆయన ప్రకటించాడు. కరిగించే మూసలోంచి కంచును అచ్చుపెట్టెలోకి వంచారు. మీట నొక్కారు. బూరా మూడుసార్లు అరిచింది.

అప్పుడు చిలకమ్మ పసుపు కుంకుమల పళ్ళెంతో తాడు దాటింది. గేటు జవాను అడ్డం వచ్చాడు. ఆమె పళ్ళెం పైకెత్తి, వచ్చీరాని బెంగాలీలో పూజ అంది. పెద్ద సాహెబుకు చాలాసేపటి తర్వాత ఒక సంతోషకరమైన దృశ్యం కనబడింది. "కొరున్ దీదీ, కొరున్" అని, కానివ్వమన్నట్టు చెయ్యి ఊపాడు.

చిలకమ్మ అచ్చుపెట్టెకు బొట్టు పెట్టింది. కురిడీ కాయతో పెట్టె పక్కన తట్టడం మొదలెట్టింది. ఒకటి, రెండు, మూడు. మొహానికి సెగ కొడుతోంది, పట్టు కొంగు కమిలిన వాసన వస్తోంది. పోసిన కన్నంలోకే చూస్తోందామె. తొలుత ఏమీ రాలేదు. పన్నెండో తట్టుకు ఒక బుడగ వచ్చి చిట్లింది. తర్వాత రెండు. తర్వాత పాకంలో వచ్చినట్టే చిటచిటమని గుంపుగా వచ్చాయి. ఇరవై అయిదు దగ్గర ఆమెకు ఒక సంగతి తోచింది. బూరా అరవడం లేదు. మూడో అరుపుకే ఫ్యూజు పోయింది. ఢాక్ మోతలో, శంఖాల హోరులో ఆ విషయం ఎవరికీ తెలియలేదు. తాడు ఇవతల నూకయ్యకు తెలిసింది. మొగుడూ పెళ్ళాం ఒకరినొకరు చూసుకుని చూపు తిప్పేసుకున్నారు.

"ఇంకా ఎంతసేపు?" లాహిరి సాహెబు హిందీలో విసుక్కున్నాడు.

"మా పైడితల్లికి నలభయ్యొకటి బాబూ. ముప్పయ్యయిదు అయిపోనాయి. మద్దెలో ఆపితే తల్లి ఊరుకోదు."

ఆయనకు తల్లి సంగతి తెలియదు కాని, పెద్ద సాహెబు చేతులు జోడించి ఉన్నాడని తెలుసు. ఆయన కూడా జోడించాడు. నలభై ఒకటి అయింది. కంచు మీద చివరి బుడగ చిట్లి, పైభాగం నిండు చెరువులా కదలకుండా నిలిచింది. చిలకమ్మ కాయను కళ్ళకద్దుకుని వెనక్కి వచ్చింది. ఫొటోగ్రాఫరు అదే సమయంలో మెరుపు వెలిగించాడు.

సాయంత్రానికి బేరింగు చల్లారింది. కోశారు. బొక్క లేదు. రెండో చోట కోశారు. లేదు. పెద్ద సాహెబు అందులో మొహం చూసుకుని మీసం దువ్వుకున్నాడు.

బుడగల నివారణ సంఘం శాస్త్రీయమైన సంఘం. విజయం ఏ పరిస్థితుల్లో కలిగిందో పొల్లుపోకుండా రాసుకుంది. ఎండ ఇంత, ఉక్క ఇంత, ఢాక్‌లు నాలుగు, శంఖాలు ఆరు, కొబ్బరికాయ ఒకటి. తర్వాత ఒక్కొక్కటే తీసేసి చూశారు. ఢాక్ లేకపోయినా బేరింగు బాగా వచ్చింది. శంఖం లేకపోయినా వచ్చింది. కొబ్బరికాయ తీసేస్తే చెడింది. మీట నొక్కినా బూరా అరవకపోవడాన్ని యంత్రం కుదుటపడ్డ గుర్తుగా రాసుకున్నారు. యంత్రాన్ని తీసేసి చూద్దామని ఎవరికీ తోచలేదు. అసలు యంత్రాన్ని ఎలా తీసేస్తారు? విదేశాల నుంచి తెచ్చిందాయె.

కనుక బెంగాలు వాతావరణంలో ఒత్తిడి తరంగ జనక యంత్రం కొబ్బరికాయ తోడుగా ఉన్నప్పుడు మాత్రమే పూర్తి సామర్థ్యంతో పనిచేయునని తీర్మానించారు. విడిభాగాల జాబితాలో నలభై మూడో వస్తువుగా "కాయ, కొబ్బరి, కురిడీ" అని విల్‌ఫ్రెడ్ టైపు చేశాడు. చేస్తూ సంతోషం పట్టలేక ఒక అక్షరం రెండుసార్లు కొట్టాడట. నూకయ్య మీద విచారణ రద్దయింది. యంత్రం దయవల్ల లోహం తన పాత అలవాటు మానుకున్నదని, అందువల్ల నేరానికి ఆధారం మిగలలేదని రాశారు. అతన్ని మళ్ళీ పనిలోకి తీసుకుని, కాయ పట్టుకునే ఉద్యోగం ఇచ్చారు. సుత్తి మీద నిషేధం మాత్రం అలాగే ఉంది. లాహిరి సాహెబు ప్రమోషను మీద కలకత్తా వెళ్ళాడు. పోయేముందు చిలకమ్మ పంపిన పంచదార చిలకను తిని, దాని ముక్కు ఎంత నున్నగా ఉందోనని మెచ్చుకున్నాడు. ఎలా చేస్తారని మాత్రం అడగలేదు. పెద్దవాళ్ళు వంటింటి సంగతులు అడగరు.

ఏడేళ్ళు గడిచాయి. ఆ ఏడేళ్ళలో ఫ్యూజు ఎవరూ మార్చలేదు. రోజూ మీట నొక్కేవారు, నూకయ్య తట్టేవాడు, బేరింగులు అద్దాల్లా వచ్చేవి, పొలాల్లో కాకరకాయలు కొనే గార్డుకు పని లేకుండా పోయింది. నూకయ్య రిటైరయిన రోజున దండ వేసి, ఒక కాగితం చదివి చేతికిచ్చారు. ఇంతటి భక్తిపరుడు ఈ ఫౌండ్రీ చరిత్రలో లేడని, ఏడేళ్ళలో ఒక్కనాడూ పూజ తప్పలేదని అందులో ఉంది. కంచు సంగతి అందులో లేదు.

ఇంటికొచ్చి నూకయ్య ఆ కాగితం భార్యకిచ్చాడు. సూసన్న చదివి పెట్టింది. చిలకమ్మ దాన్ని మడిచి అటక మీద పెట్టింది.

"సెప్పకపోనావా మావా, ఇయ్యాలైనా? ఉద్యోగం అయిపోనాది, ఇంక నిన్నేటి సేస్తారు?"

"సెప్పినాను" అన్నాడు నూకయ్య. "ఆ యంత్రం ఆడ్డం లేదు బాబూ, తట్టడం వల్లే వొస్తన్నాదని, వొచ్చినోళ్ళందరి ముందరా సెప్పినాను."

"ఏటన్నారు?"

"సప్పట్లు కొట్టినారు. ఎంత వినయమో సూడండి అన్నారు."

ప్రారంభోత్సవం నాటి ఫొటోను అద్దం కట్టించి ఆ ఫౌండ్రీ గోడకు వేలాడదీశారు. కింద పేర్లు వరసగా ఉన్నాయి. పెద్ద సాహెబు, లాహిరి సాహెబు, సంఘ సభ్యులు ఏడుగురు, ఒత్తిడి తరంగ జనక యంత్రం, కొబ్బరికాయ. కాయను పట్టుకున్న చెయ్యి మణికట్టు దాకా పడింది, దానికి రెండు మట్టిగాజులు కూడా కనిపిస్తాయి. పేరు మాత్రం వేయలేదు. అటు వెళ్ళినప్పుడు మీరూ చూడండి. ఇంత కథ విన్నవారే అయినా, మీ కళ్ళు ముందుగా యంత్రం మీదే పడతాయి. ఏం పరవాలేదు, పడనివ్వండి. దండ దానికే వేశారు కదా.